ఒకే నవల ఎనిమిది కాపీలు కొనండి: బడులకు పుస్తకాలు ఎంపిక చేసే వారికి బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల విద్యాశాఖ అధికారులకు, బడి లైబ్రరీలకు పుస్తకాలు ఎంపిక చేసే పెద్దలకు,

నమస్కారం.

నేను హనుమకొండ జిల్లాలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్ని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో లైబ్రరీ పీరియడ్‌లో బుక్ క్లబ్ నడుపుతాను. మీరు పుస్తకాల జాబితా తయారు చేసేటప్పుడు ‘సైన్స్ ఫిక్షన్’ అనే గడిలో ఏం రాయాలన్నది ఈ లేఖ విషయం. ఆఫీసుకు వచ్చి కాగితం ఇచ్చిపోతే సరిపోయేది. కానీ ఈ మాట తోటి టీచర్లు, తల్లిదండ్రులు కూడా వినాలని, వాళ్లకు నచ్చకపోతే నాతో గొడవ పడాలని బహిరంగంగా రాస్తున్నాను.

ఆ గడి కింద ఇప్పటిదాకా మాకు చేరినవి చూస్తే బాధ కంటే నవ్వే ఎక్కువ వస్తుంది. శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు వచ్చాయి. పోటీ పరీక్షలకు పనికొచ్చే ప్రశ్నలు, జవాబుల పుస్తకాలు వచ్చాయి. ఇంట్లో చేసుకునే ప్రయోగాల పుస్తకాలు వచ్చాయి. అవి చెడ్డవని అనను. సైన్స్ ఫెయిర్ దగ్గర పడితే అందరం వాటి మీదే పడతాం. అయితే వాటిలో కథ లేదు. నిజంగా నవల అనదగ్గది ఎప్పుడైనా వస్తే, ఒక్క కాపీ వస్తుంది.

ఒక్క కాపీతో బుక్ క్లబ్ నడవదు. వచ్చే శనివారానికి అందరూ ఒకే మూడు అధ్యాయాలు చదివి రావాలి, వచ్చాక వాటి గురించి మాట్లాడుకోవాలి. ఇంతే పద్ధతి. ఒకడు చదివి మిగిలిన పిల్లలు వింటే అది కథ చెప్పడం అవుతుంది. అదీ మంచిదే, కానీ అక్కడ చదివిన పిల్లవాడితో పోట్లాడే వాళ్లు ఎవరూ ఉండరు. ఎనిమిది కాపీలుంటే ఇద్దరికొకటి చొప్పున పదహారు మంది చదువుతారు. ఒక సెక్షన్లో నిజంగా చదవాలనుకునే పిల్లలకు ఇది దాదాపు సరిపోతుంది. యాభై రకాల పుస్తకాలు ఒక్కొక్కటి కొనే బదులు ఆరు నవలలు ఎనిమిదేసి కొంటే నలభై ఎనిమిది పుస్తకాలు. బిల్లు దాదాపు అంతే. జాబితా చిన్నదిగా కనిపిస్తుంది, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన వారు ‘ఇంతేనా?’ అంటారు. అననివ్వండి.

ఇక ఆ ఆరు నవలలు ఏవి? ఇక్కడే మనకు ఒక చెడ్డ అలవాటు ఉంది. సైన్స్ ఫిక్షన్ అనగానే, అందులోంచి సిలబస్‌లో ఎంత వస్తుందని చూస్తాం. కాంతి పాఠానికి ఒక నవల, ధ్వని పాఠానికి ఒక నవల దొరికితే హాయి అనుకుంటాం. పాఠం చెప్పడానికి పాఠ్యపుస్తకం ఉంది, నేనున్నాను. నవల నుంచి నేను కోరేది ఒక్కటే: అధ్యాయం అయిపోయాక పిల్లలు రెండు వర్గాలుగా చీలిపోవాలి. ఏ పుస్తకం వాళ్లను ‘అట్ల ఎట్ల అయితది సార్?’ అనిపిస్తుందో అదే నాకు కావాలి. అందులో సైన్స్ తప్పుగా ఉన్నా ఫర్వాలేదు. ఒక్కోసారి తప్పుగా ఉంటేనే ఎక్కువ లాభం.

హెచ్.జి. వెల్స్ 1897లో రాసిన ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ తీసుకోండి. ఒంటికి రంగు లేకుండా, కాంతిని ఆపకుండా, వంచకుండా చేసుకుని మాయమైపోయిన మనిషి కథ. ఎనిమిదో తరగతిలో చదివించినప్పుడు సగం మంది ‘నాకు గా శక్తి వస్తే’ అని మొదలుపెట్టారు. పరీక్ష పేపర్లు, పొరుగింటి మామిడికాయలు, క్రికెట్ స్టేడియం, ఎవరి కోరికలు వారివి. వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, ‘కండ్లు గూడ కనవడకుండ పోతే వెలుగు యాడ ఆగుతది సార్? ఆయనకేం కనవడదు గద?’ అంది. క్లాసంతా నిశ్శబ్దం, తర్వాత గోల. కన్ను చూడాలంటే కటకం కాంతిని వంచాలి, వెనకున్న రెటీనా ఆ కాంతిని పట్టుకోవాలి. రెండూ గాలిలా పారదర్శకమైతే మాయమైన మనిషి గుడ్డివాడు. ఆ అమ్మాయికి కాంతి పాఠంలో ఎన్ని మార్కులొచ్చాయో నాకు గుర్తులేదు. వెల్స్‌కు కూడా ఈ చిక్కు కొంత తెలిసినట్టే ఉంది. నవలలో ముందుగా ఒక పిల్లి మీద ప్రయోగం చేస్తే, దాని కంటి వెనక మెరిసే పొర మాయం కాకుండా మిగిలిపోతుంది. ఈ సంగతి పిల్లలే వెతికి పట్టుకున్నారు, ‘మరి మనిషికి గా పొర ఉంటదా?’ అని ఇంకో వారం నడిపారు. (మనిషికి ఆ పొర లేదు. చీకట్లో పిల్లి కళ్లు మెరుస్తాయి, మనవి మెరవవు.)

ఆ నవలలో కొట్లాటలు, చంపడాలు ఉన్నాయి. ఆరో తరగతికి వద్దు, ఎనిమిదికి ఫర్వాలేదు.

ఇక్కడ కమిటీ పెద్దలకు ఒక హెచ్చరిక. మాకు వచ్చే జూల్స్ వెర్న్, వెల్స్ పుస్తకాల్లో ఎక్కువ భాగం అరవై పేజీల సంక్షిప్త రూపాలు. బొమ్మ అట్ట బాగుంటుంది, ధర తక్కువ ఉంటుంది, లోపల కథ ఎముకలగూడుగా మిగులుతుంది. వాదించుకోదగ్గ చోట్లన్నీ కత్తెరకు పోతాయి. వెర్న్ 1870 నాటి సముద్రాంతర నవల ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’ పేరులోని ఇరవై వేల లీగులు లోతు కాదు, జలాంతర్గామి ప్రయాణించిన దూరం. వెర్న్ లెక్కలో లీగు అంటే నాలుగు కిలోమీటర్లు. ఇరవై వేల లీగులంటే ఎనభై వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత నలభై వేలు కనుక రెండుసార్లు చుట్టి వచ్చినంత. ఇది ఏడో తరగతి లెక్క. లోతు అనుకుంటే భూమిని చీల్చుకుని అవతలికి పోయి ఇంకా చాలా దూరం పోవాలి అని పిల్లలే నవ్వుతారు. సంక్షిప్త పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా కనిపించదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆ జలాంతర్గామి కెప్టెన్ నెమో ఎవరో మొదటి నవలలో చెప్పరు. 1875లో పూర్తయిన ‘ది మిస్టీరియస్ ఐలాండ్’ చివర్లో తెలుస్తుంది: ఆయన భారతీయుడు. బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్, టిప్పు సుల్తాన్‌కు బంధువు, 1857 తిరుగుబాటులో పాల్గొని తనవాళ్లను పోగొట్టుకుని సముద్రం కిందికి వెళ్లిపోయినవాడు. ఒక ఫ్రెంచి రచయిత ఊహించిన ఆ గొప్ప ఇంజనీరు మనవాడని మా పిల్లలకు తెలిసిన రోజు చూడాలి. ఆ రోజు నుంచి ‘మరి ఆయన చేసింది న్యాయమేనా? ఓడలు ముంచుతడు గద, దాంట్ల ఉన్నోళ్లు ఏం చేసిన్రు?’ అన్న ప్రశ్న మొదలైంది. సోషల్ టీచర్ మేడమ్‌ను కూడా పిలవాల్సి వచ్చింది. కాబట్టి వెర్న్‌ను కొంటే పూర్తి పుస్తకం కొనండి. పూర్తిది చదవలేరు అనిపిస్తే పిల్లలు పై తరగతికి వచ్చేదాకా ఆగుదాం.

వెర్న్ నవలల్లో మన ప్రాంతానికి బాగా అతికేది మాత్రం 1864 నాటి భూగర్భ యాత్ర, ‘జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’. ఐస్‌లాండ్‌లోని అగ్నిపర్వతం బిలం గుండా ముగ్గురు భూమి లోపలికి దిగుతారు. దిగేకొద్దీ వేడెక్కుతుందని మేనల్లుడు ఆక్సెల్, అదేం లేదని ప్రొఫెసర్ మామ, కథ పొడుగునా ఇదే తగాదా. అంటే నవలలోనే బుక్ క్లబ్ నడుస్తోంది. భూపాలపల్లి, గోదావరిఖని పిల్లల ఇళ్లల్లో బొగ్గుబాయి పనికి పోయే నాన్నో, మామో, తాతో ఉంటారు. ‘లోపలికి దిగితే ఉడుకుతదా?’ అని అడిగి రమ్మంటే చాలు. కిలోమీటరు లోతుకు సుమారు ఇరవై అయిదు, ముప్పై డిగ్రీల సెల్సియస్ పెరుగుతుందని నేను బోర్డు మీద రాస్తే కాపీ చేసుకుంటారు. నాన్న చెమట గురించి నాన్న చెబితే వాళ్లకు ప్రొఫెసర్ మామ తప్పని తెలుస్తుంది.

ఆ నవలలో భూగర్భ సముద్రం మీద పురాతన సరీసృపాలు కొట్లాడుకుంటాయి. ‘గివన్నీ అబద్ధం’ అనే పిల్లలకు చూపించడానికి మన దగ్గర నిజమే ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర జురాసిక్ కాలపు రాళ్లలో దొరికిన డైనోసార్‌కు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన గోదావరి లోయ ఊరి పేరు ఒక డైనోసార్ పేరులో ఉంది! దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. ఎక్స్‌కర్షన్ అంటే రామోజీ ఫిల్మ్ సిటీ అనే బడులు ఒక్కసారి అటు కూడా బస్సు తిప్పితే బాగుంటుంది. ఇది మీ శాఖ పని కాదనుకోండి, మాటల్లో మాట.

చంద్రుడి మీదికి వెళ్లే నవల కూడా చెప్పాలి. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం బడిలో టీవీ ముందు కూర్చున్న పిల్లలకు చంద్రుడంటే మోజు ఇంకా తగ్గలేదు. వెర్న్ 1865 నాటి ‘ఫ్రమ్ ది ఎర్త్ టు ది మూన్’లో ముగ్గురు మనుషులను ఫ్లోరిడా నుంచి ఫిరంగి గుండులో చంద్రుడి వైపు పంపుతాడు. 1969లో అపోలో 11 ముగ్గురితో ఆ ఫ్లోరిడా నుంచే లేచింది. ‘ముందే ఎట్ల తెలుసు?’ అని ఆశ్చర్యపోతారు. అక్కడ ఆపేస్తే వెర్న్ జ్యోతిష్కుడు అయిపోతాడు. అందుకే తొమ్మిదో తరగతి అక్కలను పిలిచి లెక్క వేయించాను. ఫిరంగి పొడవు తొమ్మిది వందల అడుగులు, బయటికి వచ్చేటప్పుడు వేగం సెకనుకు దాదాపు పదకొండు కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో అంత వేగం అందుకోవాలంటే త్వరణం భూమి గురుత్వానికి సుమారు ఇరవై రెండు వేల రెట్లు. గుండు కదిలిన క్షణంలోనే లోపల మనుషులు పచ్చడి. వెర్న్ అదురు తగ్గడానికి అడుగున నీళ్లు పెట్టాడు, సరిపోవు. రాకెట్ ఎందుకు నెమ్మదిగా, నిమిషాల తరబడి వేగం పెంచుకుంటూ పోతుందో ఆ రోజు అర్థమైనంత బాగా నా పాఠంలో ఎప్పుడూ అర్థం కాలేదు.

పాత పుస్తకాలే చెబుతున్నానని అనుకోకండి. ఆరో తరగతికి నా మొదటి ఓటు పీటర్ బ్రౌన్ 2016లో రాసిన ‘ది వైల్డ్ రోబో’కు. తుఫానులో ఓడ మునిగి, ఒక రోబో మనుషుల్లేని దీవికి కొట్టుకొస్తుంది. దాని వల్లే ఒక బాతు కుటుంబం చచ్చిపోతుంది, ఒక్క గుడ్డు మిగులుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్లను రోబో పెంచుతుంది. ఎనభై చిన్న చిన్న అధ్యాయాలు, మధ్యలో బొమ్మలు, పొట్టి వాక్యాలు. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలతో కుస్తీ పడుతున్న పిల్లలు సొంతంగా ఒక ఇంగ్లిష్ నవల ముగించగలిగారంటే, అది ఇలాంటిదే అయ్యుంటుంది. 2024లో సినిమా కూడా వచ్చింది కాబట్టి కొందరు కథ తెలిసే వస్తారు. తెలిసినా నష్టం లేదు, వాదన అలాగే ఉంటుంది: రోబోకు పిల్ల మీద ఉన్నది ప్రేమా, ప్రోగ్రామా? ‘మా అమ్మ గూడ పొద్దున లేస్తే అదే పని రోజూ చేస్తది, గది ప్రోగ్రామా?’ అన్న పిల్లవాడికి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేదు.

దానికి జతగా టెడ్ హ్యూస్ 1968 నాటి ‘ది ఐరన్ మ్యాన్’. అయిదే అధ్యాయాలు, నెల రోజుల్లో హాయిగా అయిపోతుంది. పేరు వినగానే మార్వెల్ సినిమా అనుకుని పిల్లలు ఎగబడ్డారు, కాదని తెలిసి ముఖాలు వేలాడేశారు, రెండో పేజీకి మళ్లీ లేచారు. ఇనుప మనిషి వచ్చి రైతుల ట్రాక్టర్లు, కంచె తీగలు నమిలేస్తాడు. రైతులు గొయ్యి తవ్వి, ఎర పెట్టి, పూడ్చేస్తారు. పత్తి చేల మధ్య పెరిగిన పిల్లలకు ఇది లండన్ పిల్లల కంటే బాగా అర్థమవుతుంది. ట్రాక్టర్ కిస్తీ ఇంకా కడుతున్న ఇంటి పిల్లవాడు రైతుల పక్షం, మిగిలినవాళ్లు ఇనుప మనిషి పక్షం. ‘ఆకలైతే తిన్నడు’, ‘అయితే మాది తింటడా?’ అనుకుంటూ గంట కొట్టినా లేవలేదు.

ఎనిమిదో తరగతి చివర్లో లోయిస్ లౌరీ ‘ది గివర్’. 1993లో వచ్చింది, మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకం గెలిచింది. బాధ లేని, రంగులు లేని, ఎంపికలు లేని ఊరు. పన్నెండేళ్లు నిండగానే ఎవరు ఏ పని చేయాలో పెద్దల కమిటీ వేదిక మీద ప్రకటిస్తుంది. హనుమకొండ రోడ్ల మీద ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డులు చూస్తున్న పిల్లలకు దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఒకడు, ‘మా ఇంట్ల గూడ గట్లనే సార్, కమిటీల ఇద్దరే ఉంటరు, అమ్మ, బాపు’ అన్నాడు. అందరూ నవ్వారు. కాసేపటికి ఒక అమ్మాయి మాత్రం పెద్దలు ఎంచితే టెన్షన్ ఉండదు కదా, తప్పయితే వాళ్లదే కదా అని వాదించింది, గట్టిగానే వాదించింది. ఈ నవలలో ఒక పసిబిడ్డకు సంబంధించి చాలా కలవరపెట్టే ఘట్టం ఉంది. టీచర్ ముందు తాను పూర్తిగా చదవకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు. తల్లిదండ్రుల మీటింగ్‌లో రెండు మాటలు చెప్పి మొదలుపెట్టడం మంచిది. అంత జాగ్రత్త అవసరమైన పుస్తకం అసలెందుకు అంటే, ఆ వయసులో ఆ ప్రశ్న ఇంట్లో ఎలాగూ నడుస్తోంది. బడిలో కూడా మాట్లాడుకోనివ్వండి.

అలాగని న్యూబెరీ ముద్ర ఉందని అన్నీ కొనేయకండి. రెబెకా స్టెడ్ ‘వెన్ యు రీచ్ మీ’కి 2010లో ఆ పతకమే వచ్చింది. కాలప్రయాణం చిక్కుముడి అద్భుతంగా వేసింది, నాకు చాలా ఇష్టం. కానీ కథంతా 1979 నాటి న్యూయార్క్ వీధుల్లో, అక్కడి టీవీ క్విజ్ షో చుట్టూ తిరుగుతుంది. మా పిల్లలకు ముందు ఆ వీధి అర్థమై, తర్వాత చిక్కుముడి అర్థమయ్యేసరికి సంవత్సరం అయిపోతుంది. మాడలిన్ లెంగిల్ 1962 నాటి ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ సంగతీ కొంత అంతే, మొదలు నెమ్మది, ఇంగ్లిష్ బరువు. బాగా చదివే పిల్లల కోసం ఒక కాపీ లైబ్రరీలో ఉండనివ్వండి, క్లబ్బుకు వద్దు.

మన దేశపు రచనలు జాబితాలో ఉండాలా అని ఎవరో అడుగుతారు. ఉండాలి. దేశభక్తి కోసమని చెప్పను, అవి బాగుంటాయి కాబట్టి. సత్యజిత్ రాయ్ 1961లో మొదలుపెట్టిన ప్రొఫెసర్ శంకు కథలు ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. డైరీ రూపంలో ఉంటాయి, న్యూటన్ అనే పిల్లి ఉంటుంది, వినోదానికి లోటు లేదు. నవలకు ముందు నోరు తెరిపించడానికి చక్కగా పనికొస్తాయి. రొకియా సఖావత్ హొసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వచ్చే ఒక మహిళా పత్రికలో అచ్చయింది. అందులో ఆడవాళ్లు దేశం ఏలుతారు, మగవాళ్లు ఇంట్లో పరదాలో ఉంటారు. ఎండ వేడితో శత్రువును తరిమేస్తారు, ఆకాశంలోంచే నీళ్లు పట్టుకుంటారు. దానికి ఏడాది ముందే, 1904లో, మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. ఎవరికి వారు పుస్తకాలతో లోకాన్ని మార్చవచ్చనుకున్న రోజులు. ‘సుల్తానాస్ డ్రీమ్’ ఒక్క పీరియడ్‌లో చదివేయవచ్చు. అబ్బాయిలు ఎదురు తిరుగుతారు, అమ్మాయిలు వదలరు. ఇక ఆ పూట టీచర్ చేయాల్సిందల్లా తలుపు మూయడమే, పక్క క్లాసు వాళ్లు కంప్లయింట్ ఇవ్వకుండా.

పురాణాల్లోనే అన్నీ ఉన్నాయి కదా, ఇవన్నీ ఎందుకు అనే వారికి కూడా నా దగ్గర ఒక మాట ఉంది. బమ్మెర పోతన భాగవతం నవమ స్కంధంలో రేవతి కథ ఉంది. తండ్రి ఆమెకు తగిన వరుడి కోసం బ్రహ్మ దగ్గరికి తీసుకెళ్తాడు. అక్కడ కాసేపు ఆగి అడిగేసరికి భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. తాను అనుకున్న వరులు, వాళ్ల మనుమలు కూడా ఉండరు. చివరికి ఆమెను బలరాముడికి ఇస్తారు. ఎంత ధైర్యమైన ఊహ! దాన్ని మా క్లబ్బులో చెప్పుకుంటాం, తిరిగొచ్చిన రేవతికి ఎలా అనిపించి ఉంటుందో రాయమంటాం. ‘అప్పుడే మనకు కాలప్రయాణం తెలుసు’ అని మొదలుపెడితే మాత్రం మాట్లాడుకోవడం ఆగిపోయి చప్పట్లు మొదలవుతాయి. ఊహను ఊహగా గౌరవిస్తే చాలు.

భాష సంగతి తేల్చకుండా ఈ జాబితా సగమే. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ములుగు గూడేల్లో కోయ మాట్లాడి బడికొచ్చే పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. వాళ్లకు నేరుగా ఇంగ్లిష్ నవల ఇచ్చి చదవలేదంటే తప్పు వాళ్లది కాదు. తెలుగులో పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ మాకు చాలా తక్కువగా చేరుతోంది. నండూరి రామమోహనరావు గారు టామ్ సాయర్‌ను తెలుగులోకి తెచ్చారు కదా, అలా వెల్స్‌ను, వెర్న్‌ను ఇప్పటి పిల్లల తెలుగులోకి తేవచ్చు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. వెర్న్ 1905లో, రొకియా 1932లో, వెల్స్ 1946లో పోయారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రాయల్టీ లేదు. హన్మకొండ డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)లో శిక్షణ తీసుకుంటున్న పిల్లలున్నారు, కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు, ఇంగ్లిష్ శాఖలున్నాయి. ‘సుల్తానాస్ డ్రీమ్’ లాంటి చిన్నదానితో మొదలుపెట్టి, పాఠ్యపుస్తకాల్లాగే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వేసి అచ్చు వేయిద్దాం. తెలుగు పేజీ మన పిల్లలు మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలి. గ్రాంథికంలో రోబో మాట్లాడితే నవ్వుతారు, చదవరు.

కొనే ముందు పిల్లలను అడగండి. ఇది కష్టమైన పని కాదు. అనుకున్న నవలల్లో మొదటి అధ్యాయం మాత్రం రెండు మూడు బడుల్లో గట్టిగా చదివి వినిపించి ఆపేయండి. పీరియడ్ అయ్యాక టేబుల్ దగ్గరికి వచ్చి ‘తర్వాత ఏమైతది మేడమ్?’ అని ఎవరైనా అడిగితే ఆ పుస్తకం కొనవచ్చు. ఎవరూ అడగకపోతే దాని మీద ఎన్ని పతకాలున్నా పక్కన పెట్టండి. పెద్దవాళ్లం మనకు నచ్చినవి కొని, వాళ్లకు చదివే అలవాటు లేదని బాధపడుతుంటాం.

మార్కుల జోలికి కూడా పోవద్దని మనవి. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల కోసం పుస్తక సమీక్ష రాయించడం మొదలైతే, అట్ట వెనకున్న నాలుగు వాక్యాలు ముప్పై నోట్‌బుక్కుల్లో ఒకేలా కనిపిస్తాయి. బుక్ క్లబ్‌లో రాసేది ఏదైనా ఉంటే అది పిల్లలు తమలో తాము వేసుకున్న ప్రశ్న ఒక్కటి చాలు. గోడ మీద అంటిస్తాం, మార్కులు వేయం.

చివరిగా, అన్నిటికంటే అవసరమైనది. పుస్తకాలు వచ్చాక బీరువాలోకి పోతాయి, తాళం పడుతుంది. ఇందులో హెచ్ఎంల తప్పు లేదు. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన పుస్తకం పోతే ఆడిట్‌లో ఎవరు కట్టాలన్న భయం వాళ్లది. పిల్లలు ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం వానకు తడుస్తుంది, చెల్లెలు చించుతుంది, ఊరికి పోయిన మేనత్తతో వెళ్లిపోతుంది. అది జరగాల్సిందే, చదివే పుస్తకానికి జరిగేది అదే. కాబట్టి పుస్తకాల జాబితాతో పాటు ఒక సర్క్యులర్ ఇవ్వండి: బుక్ క్లబ్ పుస్తకాలు పిల్లలు ఇంటికి తీసుకెళ్లవచ్చు, ప్రతి నవల ఎనిమిది కాపీల్లో ఏడాదికి రెండు పోయినా, చిరిగినా హెచ్ఎం సంతకంతో రిజిస్టర్‌లో కొట్టేయవచ్చు, టీచర్ దగ్గర గానీ పిల్లల దగ్గర గానీ డబ్బు వసూలు చేయరు. ఈ మూడు మాటలు మీ సంతకంతో జూన్‌లో బడులు తెరిచే నాటికి మాకు అందితే, మొదటి శనివారమే పుస్తకాలు పంచుతాం.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్,
హనుమకొండ జిల్లా